నాలుగు కళ్లకు బొట్టు

జగిత్యాల,
శ్రావణ శనివారం.

శంకరవ్వ వదినకు వసంత దండాలు.

నీ బిడ్డ నవ్య బాగుంది, నేనూ బాగున్నాను. ఫోన్ చేస్తే నీకు వినపడదు, గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు. మొన్న గొంతు పెంచి నాలుగు మాటలు చెప్పేసరికి పక్కింటివాళ్లు కొట్లాట అనుకుని గడపలోకి వచ్చారు. ఫోన్‌లో రాసి పంపుదామంటే ముందు అన్న చదువుతాడు. అందుకని ఈ కాయితం.

నవ్య చదివే మా కాలేజీలో కొత్త గది తెరిచారు. బయట పెద్ద బోర్డు, వర్చువల్ రియాలిటీ ల్యాబ్ అని. లోపల నల్లటి కళ్లజోళ్లు ఉంటాయి. కళ్లజోడంటే మనం పెట్టుకునేది కాదు, బండి గుర్రానికి కట్టే గంతలా ముఖమంతా మూసేది. అది పెట్టుకుంటే పిల్లలకు ఫ్యాక్టరీ కనిపిస్తుందట. అందులో మంట లేస్తుంది, నూనె ఒలుకుతుంది, మిషన్‌లో చెయ్యి పడబోతుంది. పిల్లలు ఎర్ర గుండీ నొక్కి మిషన్ ఆపాలి, మంట ఆర్పాలి. రేపు పనికి పోయినచోట ప్రాణం ఎట్లా కాపాడుకోవాలో ఇట్లా నేర్పుతారు. మంచి చదువే కదా వదినా.

ప్రారంభానికి వచ్చిన పెద్దమనిషికి మొదటి కళ్లజోడు పెట్టారు. ఆయనకు మంట కనపడగానే "వామ్మో" అని లేచి ఉరికి, నేలమీది వైరుకు కాలు తట్టి ప్రిన్సిపాల్ సారు మీద పడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వైరు మటుకు అక్కడే ఉంది. ఆ గది మునుపు సామాన్ల కొట్టు, గోడకు ప్లగ్గు లేదు. వరండాలో చల్లనీళ్ల మిషన్ దగ్గరి నుంచి వైరు లాగి ఒకే ప్లగ్గుల డబ్బాకు అన్నీ తగిలించారు.

కళ్లజోళ్లు ఎవరైనా ఎత్తుకుపోతారని కరస్పాండెంట్ సారు భయం. కాలేజీ ఆయనదే కదా. అందుకని క్లాసు నడిచేటప్పుడు బయట తాళం వేయమన్నారు. తాళంచెవి నా కొంగుకు ఉంటుంది. మొదటిరోజు లోపల "నిప్పు, నిప్పు" అని అరుపులు వినబడ్డాయి. తాళం తీసి చూస్తే అందరూ కూర్చుని గాలిలో చేతులు ఊపుతున్నారు. ల్యాబ్ చూసుకునే అర్బాజ్ నవ్వాడు. "ఆయమ్మా, రోజూ గిట్లనే ఒర్రుతరు. నువ్వు పరేషాన్ గాకు." ఇప్పుడు వాళ్లు అరుస్తుంటే నేను బయట కూర్చుని విష్ణు నామాలు చదువుకుంటున్నాను. తలుపు పక్కన ఇసుక నింపిన ఎర్ర బకెట్ ఒకటి పెట్టారు. ఎవరూ ముట్టరు కనుక అగరుబత్తులు గుచ్చడానికి నాకు వీలుగా ఉంది.

అసలు సంగతి ఇది. దసరా వెళ్లాక కోరుట్ల నుంచి ఒక రైస్ మిల్లు యజమాని వచ్చి, ఈ కళ్లజోళ్ల పరీక్షలో మొదట వచ్చిన ఒకరిని సేఫ్టీ పనికి తీసుకుంటాడట. ఇప్పటిదాకా నవ్యదే మొదటి స్థానం. రాత్రి పడుకునే ముందు మీ ఇంటి మరమగ్గాల సంగతి ఎత్తి అడిగింది. "సాంచెల చప్పుడులకు నేను మల్ల పోను అత్తమ్మా. అమ్మ చెవులు జూసినంక గూడ పొమ్మంటరా?" నేనేం చెప్పను? ధర్మపురి స్వామికి మొక్కుకున్నాను.

అన్నట్టు, కాలేజీలో నన్ను అత్తమ్మ అని పిలవదు. అందరిలాగే ఆయమ్మ అంటుంది. నేనే అట్లా పిలవమన్నాను, దాని మర్యాద కోసం.

నీ వసంత.


సిరిసిల్ల,
వినాయక చవితి పోయినంక.

వసంతకు,

నాకు నీ లెక్క రాసుడు రాదు. నోటికి అచ్చినట్టే రాస్తున్న. అక్షరాలు వంకరున్నయని నవ్వకు, పెన్ను మంచిగ లేదు.

నీ కాయితం సూసి మీ అన్న అడిగిండు, "ఏమంటది మా చెల్లె?" అని. ఆడోళ్ల ముచ్చటని చెప్పి దాసిన. ఇంట్ల పదారు సాంచెలు కొట్టుకుంటుంటె ఆయన అడిగింది నాకు ఇనవడ్డదా అంటావేమో. మూతి సూసి తెలుసుకుంట. పెండ్లయిన సంది అదే పని.

కండ్లకు గంతలు కట్టి పానం కాపాడుకునుడు నేర్పుతున్నరా? మంచిగున్నది. మా సాంచెల కొట్టంకు తోలు మీ పిన్సిపాల్ సారును. గంతలు గింతలు ఏం అక్కరలేదు, ఉత్త కండ్లకే అన్నీ కనవడ్తయ్. నూనె కనవడ్తది, వైర్లు కనవడ్తయ్, బెల్టు పట్టాలు తిరుగుతుంటె మీద రేకు లేకపోవుడు కనవడ్తది. ఫీజు గూడ అడగం. పైనుంచి చాయ పోస్తం.

నా బిడ్డకు మొదటి నంబరు అచ్చిందంటె సంబరమే. గని వసంతా, సోపతిదానిలెక్క చెప్తున్న, రైసుమిల్లు ముచ్చట దాని నెత్తికి ఎక్కియ్యకు. చదువు అయిపోంగనె ఇంటికి తోలు. చీరల ఆర్డరు అచ్చింది. నూలు కండెలు చుట్టేకాడ మనిషి తక్కువున్నది. నేనున్న గద అంటవు. ఉన్న. గని నా చెయ్యి మునుపటి లెక్క ఉరుకుతలేదు. వయసు.

ఇంకోటి. మేనత్తను పట్టుకుని ఆయమ్మ అంటదా అది? నువ్వు అనుమన్నవని అన్నదా? మర్యాద అంటె గదేనా? ఇంటికి రానియ్యి దాన్ని, చెవులు మెలిపెడ్త. నా చెవులు పోయినయ్ గని దానివి మంచిగనె ఉన్నయ్ గద.

శంకరవ్వ.


జగిత్యాల,
మహాలయ పక్షం.

వదినకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పెన్ను మార్చు. 'శ' రాసేటప్పుడు నీ చెయ్యి అంత వంకర పోయే రకం కాదు. ఏడో తరగతిలో నీ అక్షరం చూపించి పంతులు తమను తిట్టేవాడని అన్న ఎన్నిసార్లు చెప్పాడో.

ఇక్కడ దసరా సెలవులు ఇవ్వబోతున్నారు. సెలవులకు ముందే ఆయుధపూజ చేయమని ప్రిన్సిపాల్ సారు చెప్పారు. కంప్యూటర్లకు, జనరేటర్‌కు, బస్సుకు, ఆయన కారుకు, అన్నింటికీ నేనే బొట్లు పెట్టాను. కారుకు గుమ్మడికాయ కూడా కొట్టాం. చివరగా కళ్లజోళ్లు. వాటిని ఎప్పుడూ ముట్టనివ్వరు, ఆరోజు ముట్టనిచ్చారు. పసుపు గుడ్డతో తుడిచి వరుసగా బల్ల మీద పెట్టాను. వదినా, వాటి ముందు భాగం నాలుగు మూలల్లో నాలుగు చిన్న గుండ్రటి అద్దాలు ఉన్నాయి, చీమ కళ్లలాగా. ఇంకెక్కడ పెట్టాలి బొట్టు? కుంకుమను కొబ్బరినూనెలో తడిపి, ఊడిపోకుండా, ఒక్కొక్కదానికీ నాలుగు బొట్లు ఆ కళ్లలో చక్కగా కూర్చోబెట్టాను. ప్రిన్సిపాల్ సారు మెచ్చుకుని ఫోటో తీయించారు.

నవ్య రేపు మీ దగ్గరికి బయలుదేరుతోంది. నిద్రలో కూడా "ఎర్ర గుండీ" అని కలవరిస్తోంది. ఈ కంప్యూటర్ ఫ్యాక్టరీలో నేల అద్దంలా ఉంటుందట, పనివాళ్లంతా తెల్లవాళ్లట, ఎవరికీ చెమట పట్టదట. "గసొంటి ఫ్యాక్టరీల ప్రమాదం ఎట్లయితదో నాకు సమజ్ గాలె అత్తమ్మా" అంది. అయినా క్లాసు పరీక్షలో నూటికి తొంభై ఆరు వచ్చాయి.

నీకు చెప్పకుండా ఉండలేను. ఆ మిల్లు ఉద్యోగం దానికి దక్కాలని నేను రోజూ దీపం పెడుతున్నాను. నువ్వు వద్దన్నా పెడుతున్నాను. కోపం తెచ్చుకోకు.

వసంత.


సిరిసిల్ల,
దసరా తెల్లారి.

వసంతా,

పెన్ను మంచిదే. వేలు మంచిగ లేదు.

దాసి ఏం లాభం, నీ మేనకోడలు దొరకవట్టింది. ఆషాఢంల కండెల మిషన్ పట్టాల పడ్డది నా కుడిచెయ్యి సూపుడు వేలు. పైకణుపు పోయింది. మీ అన్న దవాఖానకు తీస్కపోయిండు, కుట్లేసిండ్రు, మానింది. నవ్యకు చెప్పద్దని నేనే అన్న. పరీక్షలున్నయి గద. కొంగుల పెట్టి దాసిన. బతుకమ్మ పేర్చంగ తంగేడు పువ్వు పట్టుకునుడు రాక కింద పడుతుంటె సూసింది. చెయ్యి పట్టుకుని బయటికి గుంజింది. ఏడ్వలేదు వసంతా. ఏడ్చినా బాగుండు.

సక్కగ కొట్టంలకు పోయింది. ఇనవడకున్నా నాకంతా తెలిసింది, మూతులు పెద్దగనె ఆడినయ్.

"బాపూ, గీ మిషన్‌కు ఎర్ర గుండీ యాడున్నది?"

"ఎర్ర గుండీ ఏందే? బంద్ చెయ్యాలంటె మెయిన్ గుంజాలె. అవతలి గోడకున్నది సూడు."

"మరి వేలు పట్టాల ఉన్నోళ్లు అవతలి గోడకాడికి ఎట్ల పోవాలె?"

మీ అన్న మార్కండేయులు, పదిమందికి జవాబు చెప్పెటోడు, తువ్వాల దులిపి భుజం మీద ఏసుకున్నడు. "గిట్ల ఎదురు మాట్లాడుడేనా కాలేజీల నేర్పింది?" అన్నడు.

"కాలేజీల నేర్పింది గంతే. మిగిలింది గిక్కడ సూసిన."

తెల్లారి నూనె డబ్బా కోసి పట్టా మీద రేకు కట్టింది. మాపటికి మీ అన్న తీసేసిండు. పట్టా జారినప్పుడల్ల రేకు ఇప్పి కట్టుడుకు ఆలిశం అయితదట. ఇది గూడ పండుగే అనుకో, దసరానాడు అదే మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టిండు. నా వేలు తిన్నదానికి నేనే హారతి పట్టిన.

మొన్నటి ఉత్తరంల నేను రాసింది మర్సిపో. దాన్ని ఇంటికి తోలకు. గా రైసుమిల్లుల పడనియ్యి. నీ దీపంల ఇంకో వత్తి ఎయ్యి, నా పేరు మీద.

శంకరవ్వ.


జగిత్యాల,
దసరా తర్వాతి గురువారం.

వదినకు,

మీ ఇద్దరి మీదా నాకు కోపం ఉంది, తర్వాత చెబుతాను. ముందు ఇది చదువు. అందరూ క్షేమం, అది ముందే రాస్తున్నాను, నువ్వు గాబరా పడకుండా.

నిన్న పరీక్ష జరిగింది. కోరుట్ల మిల్లు యజమాని గులాం మొహియుద్దీన్ గారు వచ్చారు. పెద్దాయన, తెల్లబట్టలు, నెమ్మదైన మనిషి. పొద్దున అర్బాజ్ కళ్లజోళ్లు చూసి తల పట్టుకున్నాడట. ఆ నాలుగు అద్దాలు బొట్టు పెట్టుకునే చోట్లు కావు వదినా. అవి దాని కళ్లు. వాటితోనే అది గది గోడలు చూసుకుంటుంది. నేను ఇరవై కళ్లజోళ్లకూ కళ్లు మూసేశాను. "తుడుద్దాం సార్" అని అర్బాజ్ అడిగితే ప్రిన్సిపాల్ సారు ఆలోచించి, "దసరా బొట్టు నువ్వు తుడిస్తె ఒక మాట అస్తది, నేను తుడిస్తె ఇంకో మాట అస్తది. ఉండనియ్" అన్నారట. నన్ను అడిగితే నేనే తుడిచేదాన్ని. నన్నెవరూ అడగలేదు.

పిల్లలు లోపలికి పోయారు, పెద్దలూ పోయారు, నేను తాళం వేసి కూర్చున్నాను. తర్వాత జరిగింది నవ్య చెబితే రాస్తున్నాను.

కళ్లజోళ్లలో ఫ్యాక్టరీ ఊగిందట, తలకిందులైందట, నల్లబడిందట. ఒకడు నడుస్తూ పోయి గోడకు గుద్దుకున్నాడు. ఒకడు మంట ఆర్పే సిలిండర్ అనుకుని ప్రిన్సిపాల్ సారును వాటేసుకున్నాడు. హైదరాబాద్ కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తే, గదిలో వెలుతురు చాలక అట్లా అవుతుందేమో, లైట్లు పెంచండి అన్నారు. స్టేజీ మీద వాడే పెద్ద లైట్లు రెండు తెచ్చి అదే డబ్బాకు తగిలించారు. ఆ డబ్బాకు చల్లనీళ్ల మిషన్ వైరుతో సంబంధమని చెప్పాను కదా.

పొగ లేచింది. కళ్లజోళ్లలో ఉన్న పిల్లలు సంతోషపడ్డారట. "సార్, గీసారి వాసన గూడ అస్తుంది!" అని ఒకడు అరిచాడు. ప్రిన్సిపాల్ సారు మొహియుద్దీన్ గారివైపు తిరిగి, "సూసిండ్రా సార్, టెక్నాలజీ ఎంతదాక పోయిందో" అన్నారట.

నవ్య కళ్లజోడు తీసేసింది. "మా కొట్టంల మోటరు కాలితె గిదే వాసన. ఇది కంప్యూటర్ది కాదు, మనదే" అని అరిచింది. అప్పుడు అందరూ "నిప్పు, నిప్పు" అన్నారు.

వదినా, నేను బయటే ఉన్నాను. తాళంచెవి నా కొంగుకే ఉంది. విన్నాను. రోజూ అరుస్తారు కదా అని పేజీ తిప్పాను. తలుపు బాదారు, అదీ విన్నాను. ఈరోజు పెద్దలు వచ్చారు కనుక బాగా చేస్తున్నారనుకున్నాను. పెదవులతో నామాలు చదువుతూనే ఉన్నాను. అప్పుడు ఒక గొంతు వినబడింది.

"అత్తమ్మా! తలుపు తియ్యి అత్తమ్మా!"

ఆ పాఠంలో అత్తమ్మ లేదు వదినా.

తాళం ఎట్లా తీశానో తెలియదు. నవ్య ముందు వరండాలోకి ఉరికి వైరు పీకింది. ఎర్ర బకెట్ ఎత్తుకుపోయి ఆ డబ్బా మీద ఇసుక కుమ్మరించింది. నా అగరుబత్తులతో సహా. బూడిదంతా మొహియుద్దీన్ గారి తెల్లబట్టల మీద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఒక పిల్లవాడు, జీవన్ అని, కళ్లజోడు తీయకుండా అట్లాగే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెర నల్లబడినప్పటి నుంచి వాడు భయపడి కదలలేదట. చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాం.

మార్కులు కంప్యూటరే వేసింది. పరీక్ష మధ్యలో కళ్లజోడు తీసినందుకు నవ్యకు సున్నా. ఒక్క తప్పూ చేయలేదని జీవన్‌కు నూటికి నూరు.

ఈరోజు పేపర్లో వచ్చింది, మా కాలేజీలో అగ్నిప్రమాద నివారణపై నమూనా ప్రదర్శన విజయవంతమైందని. ప్రిన్సిపాల్ సారు విలేఖరికి అట్లా చెప్పారు. సరైన సమయానికి తలుపు తెరిచినందుకు నాకు శాలువా కప్పారు. ఇంటికి తెచ్చి మడతపెట్టి పీట కింద దాచాను. కప్పుకోలేను. నవ్య అడిగితే ధర్మపురి స్వామికి ఇస్తానని చెప్పాను, స్వామి మాత్రం ఏం చేసుకుంటాడు దాన్ని?

మొహియుద్దీన్ గారు ఉద్యోగం ఎవరికో తేల్చకుండా బట్టలు దులుపుకుని పోయారు. నవ్య అన్నం తినలేదు. సిరిసిల్ల బస్సు ఎన్నింటికని అడుగుతోంది.

వసంత.


కోరుట్ల,
కార్తీక సోమవారం.

వదినకు,

బస్సు ఎక్కింది, సిరిసిల్లది కాదు. కోరుట్లది. నేనూ వచ్చాను, ఇక్కడి నుంచే బస్సులో కాలేజీకి పోతాను.

మొన్న మొహియుద్దీన్ గారు మళ్లీ కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపాల్ సారు జీవన్‌కు కొత్త చొక్కా తొడిగించి నిలబెట్టారు. పెద్దాయన సర్టిఫికెట్ తీసుకుని చదివి జేబులో పెట్టుకున్నారు. "మంచిగున్నది సారు. తనిఖీకి అచ్చెటోళ్లు గిదే అడుగుతరు. పిల్లగాన్ని ఆఫీసుల కూసోబెడ్త, సర్టిఫికెట్ గోడకు ఏలాడదీస్త." ప్రిన్సిపాల్ సారు నవ్వారు. "గిప్పుడు మిల్లుకు మనిషి కావాలె. మా కాడ ఊక గుట్టలున్నయ్. అంటుకుంటె వాసన పట్టి గంతలు తీసెటోళ్లు కావాలె. గా ఆడపిల్లను పిలువుండ్రి."

"ఆమెకు సున్నా అచ్చింది సార్."

"నా బట్టల మీది బూడిదకు గూడ మార్కులేసిండ్రా?"

నేను ఉరికి నవ్యను పిలుచుకొచ్చాను. నవ్య మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. మిల్లులో చేతికందే చోట స్విచ్ ఉందా, పట్టాల మీద రేకులు ఉన్నాయా, బయట తాళం వేయని తలుపులు ఉన్నాయా అని అడిగింది. ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టారు. "రెండున్నయ్, ఒకటి లేదు. లేనిది నువ్వచ్చినంక పెడ్దాం బేటీ" అన్నారు. ఏది లేదో చెప్పలేదు. చూసుకునే పని ఇక నవ్యది.

మిల్లు వెనక వీధిలో లాల్‌బీ అనే పెద్దావిడ ఇంట్లో గది దొరికింది. వాకిలి పెద్దది, రెండో తలుపు కూడా ఉంది. నవ్య ముందు అదే చూసింది. ఆవిడ నాకు చాయ ఇచ్చి, తులసమ్మకు కుండీ తెచ్చుకోవచ్చని తనే చెప్పింది.

ఒక్క మాట. జీతం పంపే ముందు నవ్య మా అన్నకు ఒక షరతు పెట్టింది. ఏమిటో నాకు చెప్పలేదు. నీకు తెలిసే ఉంటుంది.

నీ వసంత.


సిరిసిల్ల,
కార్తీక పున్నం దాటినంక.

వసంతకు,

షరతు నాకు మస్తు తెలుసు. మీ అన్న మూతి సూసి తెలుసుకున్న. కండెల మిషన్‌కు రేకు కట్టి, పక్కన చేతికందెటట్టు స్విచ్ పెట్టిచ్చి, ఫొటో తీసి పంపితేనే జీతం పంపుత, ఇంటికి అస్త అన్నదట. మీ అన్న వారం దినాలు అలిగిండు. "బిడ్డ తండ్రికి షరతులు పెట్టుడేంది" అని వాడకట్టంత తిరిగి చెప్పిండు. ఎనిమిదోనాడు రేకు కట్టిండు. గిప్పుడు అచ్చినోళ్లందరికి సూపెట్టి, గది తన తెలివే అన్నట్టు చెప్తున్నడు. చెప్పుకోనియ్యి. నాకెట్లగూ ఇనవడదు.

నువ్వు శాలువా దాసుకునుడు ఆపు. తాళం ఏసుమన్నది నువ్వు గాదు, ఏసింది నువ్వు. తీసింది గూడ నువ్వే. ఇగ గా గదికి తాళం ఏసుమంటె, చెవి పోయిందని చెప్పు. నీ నోట అబద్ధం రాదంటె, నిజంగనె పారెయ్యి. వచ్చే దసరాకు గూడ గా నాలుగు కండ్లకే బొట్టు పెట్టు వసంతా, మరువకు. పెట్టినందుకే గద పిల్లలు గంతలు తీసి సూసిండ్రు.

మొన్న ఆదివారం నవ్య అచ్చింది. వాకిట్లనె "మా అత్తమ్మ ఎట్లున్నదని అడుగవా" అని మూతి పెద్దగ చేసి అన్నది. చెవులు మెలిపెట్టుడు మాఫ్ చేసిన. సంచిలనుంచి పచ్చ రంగువి చిన్న చిన్న బిరడాలు తీసి నా చెవులల్ల పెట్టింది, మిల్లుల చప్పుడుకు అందరికి ఇస్తరట. నేను నవ్విన. "పోయిన చెవులకు కావలి ఏందే?" అన్న.

దగ్గరికి అచ్చి, మూతి మంచిగ కనవడెటట్టు, మెల్లగ అన్నది. "ఉన్నది పోకుండ అమ్మా."

గప్పటి సంది రోజు పెట్టుకుంటున్న. సాంచెల చప్పుడు దూరం పోయింది, పక్కూరి వాన లెక్క. మీ అన్న ఎదురుంగ నిలవడి ఒర్రుతుంటె గూడ ఏం ఇనవడ్తలేదు. మూతి దిక్కు సూసుడు గూడ బంద్ చేసిన. గీ సుఖం ఇన్నేండ్లు నాకు ఎవ్వలు చెప్పలేదు వసంతా.

శంకరవ్వ.